పాపికొండల ప్లాను లాంచీ దగ్గర మొదలుపెట్టండి

హైదరాబాద్‌లో పాపికొండలు వెళ్దాం అన్న మాట లేవగానే ముందు అడిగే ప్రశ్న "ఎవరి కారు?" అని. ఆ తర్వాత ఎంతమంది, సూర్యాపేటలో టిఫినా విజయవాడలోనా, రాజమండ్రిలో రూము ఎక్కడ, ఇలా ఒక్కొక్కటీ తేల్చుకుంటూ పోతారు. గోదావరి మీద కొండల మధ్యకి తీసుకెళ్లే లాంచీ సంగతి మాత్రం అక్కడికెళ్లాక చూద్దాంలే అంటారు. నా పేచీ అంతా ఇక్కడే. ఈ మొత్తం ప్రయాణంలో మన మాట విననిది ఆ లాంచీ ఒక్కటే. రాజమండ్రికి రైళ్లు పగలూ రాత్రీ ఉన్నాయి, రూములు ఉన్నాయి, కార్లు ఫోన్ చేస్తే వస్తాయి. లాంచీ మాత్రం పొద్దున ఒక వేళకి కదులుతుంది, చీకటి పడేలోపు రేవుకి తిరిగి రావాలి, నదికి వరదొస్తే వారాల తరబడి కట్టేసి ఉంటుంది. అలాంటప్పుడు ముందు లాంచీ తేదీ ఖాయం చేసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ కారూ, రైలూ చూసుకోవాలి కదా. మనవాళ్లు కారు దగ్గర మొదలుపెట్టి ముందుకొస్తారు, అందుకే రేవులో నిలబడి "అయ్యో, వెళ్లిపోయిందా" అంటుంటారు.

సరే, లాంచీ తేదీ అంటే ముందు నెల చూడాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. కార్తీకమాసం ఆదివారాలు మాత్రం వద్దు, వనభోజనాల జనం అంతా అక్కడే ఉంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా అసలు ఆలోచన పెట్టుకోవద్దు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. "రాజమండ్రిలో వారం నుంచి చినుకు లేదు, ఎండ మండిపోతోంది, బోట్లు ఎందుకు ఆపారు?" అని అడుగుతారు. గోదావరికి వచ్చే వరద రాజమండ్రి వానతో రాదు. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో పడ్డ వాన ప్రాణహితలో, ఇంద్రావతిలో, శబరిలో చేరి కిందికి దిగుతుంది. కాబట్టి వాతావరణం చూడాలనుకుంటే ఫోన్‌లో రాజమండ్రి పేరు కొట్టి చూడటం దండగ, భద్రాచలంలో నీటిమట్టం ఎంతుందో చూడండి. అక్కడ 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు పోయింది, 2022 జులైలో 71 దాటింది. మొదటి హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు, మట్టం రోజూ పెరుగుతోందని పేపర్లో కనబడితే చాలు, ఆ వారం టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి.

ఇది నా అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి 2019 సెప్టెంబరు 15 గుర్తు చేస్తాను. నది వరద మీద ఉండగానే బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 50 మంది దాకా పోయారు, అందులో పాపికొండలు చూద్దామని హైదరాబాద్ నుంచీ వరంగల్ వైపు నుంచీ వచ్చినవాళ్లు ఎంతోమంది. ప్రాణాలతో బయటపడ్డవాళ్లని నాటు పడవలేసుకొచ్చి ఒడ్డుకి చేర్చింది పక్కనున్న తూటుగుంట గిరిజనులు. బోటుని పైకి తీయడానికి నెల దాటింది, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్లూ లంగర్లూ వేసి అక్టోబరు 22న బయటికి లాగింది. ఆ తర్వాత విహారం ఆగిపోయి, మళ్లీ 2021లో గానీ మొదలవలేదు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, పేర్లు రాసుకుంటారు, లైఫ్ జాకెట్ వేసుకోకపోతే ఎక్కనివ్వరు. ఎక్కాక సంగతి వేరు. కిందటిసారి నా ముందు కూర్చున్న కుటుంబం రేవు కనుమరుగవగానే జాకెట్లు విప్పేసింది, నాన్నగారు రెండు జాకెట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని మెత్తగా కూర్చున్నారు, పాపకి వేసిన జాకెట్ తాడు ఒకటి తెగి ఉంటే దాన్ని వాళ్లమ్మ చున్నీ కొసతో ముడేసింది. ఆ లాంచీ వాళ్లు ఎవరూ వచ్చి ఒక్క మాట అనలేదు. మీరు ఎక్కేటప్పుడే జాకెట్ తాళ్లన్నీ లాగి చూసుకోండి, బాగోకపోతే మార్చమనండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

తేదీ తేలింది. ఇప్పుడు రేవు. పాత జ్ఞాపకాలున్నవాళ్లు రాజమండ్రి పుష్కరఘాట్‌లోనో పట్టిసీమలోనో ఎక్కేస్తాం అనుకుంటారు. ఇప్పుడు మధ్యలో పోలవరం ప్రాజెక్టు ఉంది. 2021 జూన్‌లో ఎగువ కాఫర్ డ్యాం అనే తాత్కాలిక కట్టతో నది అసలు పాయని కట్టేసి నీళ్లని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్లించారు, కాబట్టి కింది నుంచి లాంచీలో పైకి వెళ్లే దారి లేదు. డ్యాంకి ఎగువన గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. రాజమండ్రి నుంచి సీతానగరం మీదుగా నలభై కిలోమీటర్ల పైమాటే, రోడ్డు సంగతి కలుపుకుని గంటన్నర వేసుకోండి. బస్సుల మీద ఆధారపడితే ఆ వేళకి చేరడం కష్టం. ఇదిగో, కారు అవసరం ఇక్కడొచ్చింది. ఇక్కడే వచ్చింది, హైదరాబాద్‌లో రాలేదు.

హైదరాబాద్ నుంచి రాజమండ్రి 400 కిలోమీటర్ల పైనే. ఎనిమిది గంటలు, ఆగుతూ పోతే పది. నడిపేవాడు ఒక్కడే అయితే (మన స్నేహితుల గుంపుల్లో ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు, మిగతావాళ్లకి లైసెన్సులుంటాయి, అంతే) వాడు రాత్రంతా నడిపి పొద్దున లాంచీ ఎక్కి, కొండల మధ్యకి వచ్చేసరికి పై డెక్ మీద తలొంచుకుని నిద్రపోతుంటాడు. మళ్లీ సాయంత్రం ఆ నిద్రమొహంతోనే వెనక్కి నడపాలి. అయిదుగురం పంచుకుంటే కారే చవక అంటారు. పెట్రోలూ టోలూ కలిపి చూస్తే అయిదుగురికి చవకే పడొచ్చు, ఒప్పుకుంటాను. ఇద్దరో ముగ్గురో అయితే స్లీపర్ టికెట్లూ అక్కడ ఒకటిన్నర రోజు అద్దె కారూ కలిపినా పెద్ద తేడా రాదు. చంటిపిల్లలుంటే సొంత కారు సుఖం అనేది ఇంకో వాదన. ఆ పిల్లల్ని ఎనిమిది గంటలు సీట్లో కట్టేసి కూర్చోబెట్టినవాళ్లని అడగండి ఎంత సుఖమో.

రైలుకి వస్తే, అందరూ గౌతమి ఎక్స్‌ప్రెస్ అంటారు. రాత్రి ఎక్కితే తెల్లవారుజామున రాజమండ్రిలో దిగొచ్చు, రాత్రి రూము ఖర్చు మిగులుతుంది, మొహం కడుక్కుని నేరుగా రేవుకి. వినడానికి బాగుంది. డిసెంబరులో రైలు రెండున్నర గంటలు లేటయితే ఆ లాంచీ మీకోసం ఆగదు, డబ్బులు వెనక్కిస్తారో లేదో వాళ్ల దయ. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే అర్ధరాత్రి దాటాక దింపుతుంది, ఆ వేళ స్టేషన్ బయట ఆటోవాళ్లతో బేరాలాడే ఓపిక ఉంటే మీ ఇష్టం. నేను చెప్పేది ముందురోజే చేరిపొమ్మని. సికింద్రాబాద్ నుంచి రెండు వందే భారత్‌లు ఉన్నాయి, తెల్లారకముందే బయల్దేరేది ఒకటి, మధ్యాహ్నం 3 గంటలది ఒకటి. మధ్యాహ్నానిదైతే రాత్రి భోజనం వేళకి రాజమండ్రిలో ఉంటారు. పొద్దున్నదైతే మధ్యాహ్నం కాకముందే దిగుతారు, పైగా కొవ్వూరు దాటగానే గోదావరి వంతెన పగటి వెలుగులో కనిపిస్తుంది. పక్కనే 1900లో రైళ్లు మొదలైన హావ్‌లాక్ వంతెన, 1997లో రిటైరై అలాగే నిలబడి ఉంది. ఇంకో పక్కన 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. లాంచీ ఎక్కకముందే నది ఎంత వెడల్పో ఇక్కడ ఒకసారి చూసుకుంటే, తర్వాత పాపికొండల మధ్య అదే నీరు ఇంత ఇరుకు సందులోంచి ఎలా దూరిందా అని ఆశ్చర్యం వేస్తుంది. నాకైతే అసలు కొండల కంటే ఈ తేడాయే ఎక్కువ నచ్చుతుంది. రెండు వందే భారత్‌లకీ వారంలో సెలవు రోజులున్నాయి, చూసి చేయండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది, ఇదివరకటిలా నాలుగు నెలల ముందు కొనిపెట్టుకునే వీలు లేదు. సంక్రాంతి వారం జోలికి మాత్రం పోవద్దు, గోదావరి జిల్లాల వాళ్లే టికెట్లు దొరక్క తల పట్టుకుంటారు, మనమెంత.

ఇక అద్దె కారు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు.

రాజమండ్రిలో సెల్ఫ్ డ్రైవ్ బోర్డులు చాలానే కనిపిస్తాయి. బోర్డు చూడొద్దు, బండి నంబరు ప్లేటు చూడండి. అద్దెకి మనమే నడుపుకోవడానికి పర్మిట్ ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు అంటే అది ఎవరి సొంత బండో, ఖాళీగా ఉంటే అద్దెకి తిప్పుతున్నారన్నమాట. రోజుకి కొన్ని వందలు తక్కువ చెప్తారు. రోడ్డు మీద పోలీసులు ఆపితే "మా బావగారి కారండి" అని చెప్పమని నేర్పిస్తారు కూడా, నాకు ఒక కొట్టతను బావగారి పేరుతో సహా చెప్పాడు. అసలు చిక్కు పోలీసులతో కాదు. సొంత వాడకానికని ఇన్సూరెన్స్ చేయించిన బండిని అద్దెకిచ్చినప్పుడు యాక్సిడెంట్ అయితే కంపెనీ క్లెయిమ్ ఇవ్వనంటుంది. అప్పుడు ఆ బండి ఓనరు మీ ఒరిజినల్ ఆధారో, మీరు డిపాజిట్‌గా పెట్టిన బైకో పట్టుకుని కూర్చుంటాడు. ఒరిజినల్ కార్డు ఎక్కడా ఇవ్వకండి. రైల్లో వచ్చినవాడి దగ్గర బైకెక్కడుంటుందండీ అంటే నగదు డిపాజిట్‌కి దిగుతారు. బండి తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తీయండి, బంపర్ కింద, చక్రాల రిమ్ములు, డ్యాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు, కిలోమీటర్లు, అన్నీ. ఒకసారి ఒక కొట్లో తిరిగిచ్చేటప్పుడు ఎడమ తలుపు కింద గీత చూపించి డిపాజిట్‌లో రెండు వేలు ఆపుతానన్నాడు. ఫోన్ తీసి ముందురోజు సాయంత్రం తీసిన వీడియో పెట్టాను, అదే గీత, అదే చోట. "పాతదేనన్నమాట" అని తనకి తనే చెప్పుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. కనీసం నవ్వలేదు.

సెల్ఫ్ డ్రైవా, డ్రైవరుతోనా అన్నది మీ సరదాని బట్టి తేల్చే విషయం అనుకుంటారు గానీ, దాన్ని కూడా లాంచీయే తేలుస్తుంది. లాంచీ ఎక్కిన రేవులోనే దిగుతున్నారా, లేదా? గండి పోచమ్మ దగ్గర ఎక్కి ఎగువనున్న పేరంటపల్లి దాకా వెళ్లి సాయంత్రానికి అక్కడికే వస్తున్నారంటే సెల్ఫ్ డ్రైవ్ భేషుగ్గా సరిపోతుంది. పగలంతా బండి రేవు దగ్గర ఉంటుంది, దానికి డ్రైవరు బత్తా ఇవ్వడం దేనికి. కానీ కొంతమంది ఇటు ఎక్కి అటు భద్రాచలం వైపు రేవు పోచవరంలో దిగి, అక్కణ్నుంచి భద్రాచలం వెళ్లి రాముణ్ని చూసుకుని కొత్తగూడెంలో రైలెక్కాలనుకుంటారు. చాలా మంచి ప్లాను, ఒకే దారిలో రెండుసార్లు తిరిగే పని లేదు. అయితే కారు గండి పోచమ్మ దగ్గర, మీరు పోచవరంలో! రోడ్డు మీద అటు నుంచి ఇటు రావాలంటే రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు, చింతూరు చుట్టి రావాలి, నాలుగు గంటలకి తక్కువ పట్టదు. ఇలాంటప్పుడు డ్రైవరుతో కారు మాట్లాడుకోవాలి. మీరు లాంచీలో ఉండగా అతను సామానుతో చుట్టు తిరిగి పోచవరం వస్తాడు. అతను ఖాళీగా రాజమండ్రి తిరిగి వెళ్లే కిలోమీటర్లు కూడా మీ లెక్కలోనే పడతాయి, అది ముందే మాట్లాడుకోండి. లాంచీ వాళ్లని కూడా పోచవరంలో దింపుతారా అని టికెట్ కొనకముందే అడగాలి, అన్నీ అంతదూరం పోవు.

దీన్ని తలకిందులు చేసి భద్రాచలం వైపు నుంచి వెళ్లేవాళ్లకి ఒక మాట. భద్రాచలం ఊరికి రైలు లేదు. "భద్రాచలం రోడ్" అనే స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, అక్కణ్నుంచి గుడికి 40 కిలోమీటర్లు. రాత్రి సికింద్రాబాద్‌లో మణుగూరు బండి ఎక్కితే తెల్లవారకముందే అక్కడ దిగుతారు. అక్కణ్నుంచి భద్రాచలం, కూనవరం దాటి పోచవరం రేవు చేరాలంటే మూడు గంటలు పెట్టుకోవాలి. 2014లో కూనవరం వైపు మండలాలు ఆంధ్రాలో కలిశాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. కాబట్టి కొత్తగూడెంలో మాట్లాడుకున్న ట్యాక్సీకి రాష్ట్రం దాటే పర్మిట్ ఉందా అని అడగండి, లేకపోతే ఎటపాక దగ్గర దారి పక్కన ఆగి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టే తతంగం మీ పొద్దుటి టైములోంచే పోతుంది. ఈ వైపు ఇంకో సుగుణం ఉంది, కొండలు దగ్గర, లాంచీలో తక్కువసేపు. పెద్దవాళ్లకి ఇదే మేలు. నది మీద రోజంతా ఉండాలనుకునేవాళ్లు రాజమండ్రి వైపు రావాలి.

ఇంత లెక్కేసి లాంచీ ఎక్కాక ఏం దొరుకుతుందంటే, మైకు. కొన్ని లాంచీల్లో పాటలూ డ్యాన్సులూ, మైకు పట్టుకుని "హైదరాబాద్ నుంచి ఎవరొచ్చారు, చెయ్యెత్తండి!" అనే కుర్రాడు. కొండ పక్కనే ఉంటుంది, చెట్ల మీద కోతులు ఉంటాయి, నీళ్ల చప్పుడు ఉంటుంది, ఒక్కటీ వినబడదు. జనానికి అదే కావాలంటారు బోట్ల వాళ్లు, నిజం కూడా కావచ్చు, పిల్లలు గెంతుతూనే ఉన్నారు. బుక్ చేసేటప్పుడే మైకు లేని లాంచీ ఉందా అని అడగండి. అందరూ అడిగితే ఒకడైనా పెడతాడు. లేదంటే మంగళవారమో బుధవారమో వెళ్లండి, జనం పల్చగా ఉంటే మైకు కుర్రాడు కూడా అలిసిపోయి కూర్చుంటాడు. ఉప్మా తిన్నాక కిందికి దిగి లాంచీ నడిపే సరంగు గది పక్కన నిలబడితే ఇంకా మంచిది. ఆయన చక్రం తిప్పుతూనే ఏ కొండ ఏదో, ఎక్కడ సుడి ఉంటుందో, ఇదివరకు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో చెప్తాడు, అడిగితే.

ఆ చివరిది తప్పకుండా అడగండి. ఇప్పుడు మీరు చూసేది పాత గోదావరి కాదు, పోలవరం వెనక నిలిచిన నీళ్లు. పాత ఫొటోల్లో లాంచీలు ఆగి జనం ఆడుకునే ఇసుక తిన్నెల్లో చాలామటుకు నీటి కిందికి పోయాయి. దేవీపట్నం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టు పూర్తయ్యాక నీరు 45.72 మీటర్ల మట్టానికి వస్తుంది, అప్పుడు ఇంకా ఎన్నో మునుగుతాయి. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అనే వాదన వేరే, డెల్టాలో పొలమున్నవాడు ఒకటి చెప్తాడు, ఈ కొండల్లో ఉండే గిరిజనుడు కొండరెడ్డి ఒకటి చెప్తాడు. మైకులో మాత్రం ఈ ఊళ్ల పేర్లు ఒక్కటి కూడా వినిపించవు, సినిమా షూటింగులు ఎక్కడ జరిగాయో అవే వినిపిస్తాయి. పేరంటపల్లిలో దిగి శివాలయం చూసి వస్తుంటే కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన బుట్టలూ బొమ్మలూ పెట్టుకుని మెట్ల పక్కన కూర్చుంటారు. అక్కడ సిగ్నల్ ఉండదు, ఫోన్ పే పనిచేయదు, చిల్లర నోట్లు రాజమండ్రిలోనే తీసుకెళ్లండి. యాభై రూపాయల బుట్టకి అయిదు వందల నోటిచ్చి చిల్లర లేదంటే వదిలేసి పోతున్న టూరిస్టుల్ని చూస్తే చిరాకొస్తుంది.

తిరుగు రైలు ఆ రాత్రికే వేసుకోవద్దు. లాంచీ రేవుకి వచ్చేసరికి సాయంత్రం, మళ్లీ గంటన్నర రోడ్డు. గోదావరి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రికి రాత్రి ఎనిమిది దాటగానే వస్తుంది, అది అందడం అనుమానమే. గౌతమి పది దాటాక, అది అందుతుంది గానీ కారు అప్పగించి, వీడియో గొడవ తేల్చుకుని, తిని పరుగెత్తాలి, ఎందుకొచ్చిన టెన్షన్. ఆ రాత్రి ఉండిపోయి పొద్దున అదే కారులో ధవళేశ్వరం వెళ్లి కాటన్ మ్యూజియం, బ్యారేజీ చూడండి. 1852లో పూర్తయిన ఆనకట్ట ఎలా కట్టారో నమూనాలతో సహా ఉంది, ముందురోజు ఎక్కిన నది కాలవలై ఎక్కడికి పోతోందో అక్కడ తెలుస్తుంది. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగి, మధ్యాహ్నంలోపు కారు ఇచ్చేయండి, ఇంకో రోజు అద్దె పడకుండా. ఇచ్చేటప్పుడు కొట్లో కుర్రాడి చేతికి కాకుండా డబ్బు తీసుకున్నవాడికే ఇవ్వండి, డిపాజిట్ ఖాతాలో పడ్డాకే స్టేషనుకి ఆటో ఎక్కండి.